రెండు పుటల పుస్తకం, 23 లీటర్ల కలక

సాహిత్య విమర్శకులు ఎన్నడూ పట్టించుకోని వాఙ్మయం ఒకటుంది. మందుసీసాతోపాటు అట్టపెట్టెలో మడిచిపెట్టే కాగితం, ప్రెషర్ కుక్కరుతో వచ్చే చిన్న పుస్తకం, కుట్టుమిషను సొరుగులో నూనె మరకలతో పడుండే సూచనల పత్రం – ఇవన్నీ ఆ కోవలోవే. వీటికి రచయిత పేరుండదు, అంకితం ఉండదు, పీఠిక ఉండదు. అయినా వీటిని చదివినంత శ్రద్ధగా మనవాళ్ళు ఏ నవలనీ చదవరు. నవలలో నాలుగు పేజీలు దాటేస్తే కథానాయిక ఏమీ అనుకోదు. కుక్కరు పుస్తకంలో నాలుగు వాక్యాలు దాటేస్తే మాత్రం పప్పు వంటింటి కప్పుకి అంటుకుంటుంది.

ఈవారం అలాంటి రచన ఒకదాన్ని విమర్శకి తీసుకుంటున్నాను. ఇంగ్లండులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఇంట్లోనే బీరు చేసుకునేవాళ్ళ కోసం, అందులోనూ మొదటిసారి చేసేవాళ్ళ కోసం, ఒక పెట్టె అమ్ముతారు. దాన్ని కిట్టు అంటారు. సామానుతోపాటు అందులో మడతలు పెట్టిన కాగితం ఒకటుంటుంది. ముందు ఒక పుట, వెనక ఒక పుట. ఏ ఒక్క కంపెనీనో దృష్టిలో పెట్టుకుని చెప్పడం లేదు. ఈ జాతి కాగితాలు చాలామట్టుకు ఒకే తల్లి బిడ్డల్లా ఉంటాయి గనక జాతిని గురించే మాట్లాడుకుందాం.

"మనకెందుకండీ ఈ గొడవ?" అనేవారుంటారు. న్యాయమే. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేసుకోవడానికి ఆబ్కారీ చట్టం ఒప్పుకోదు. కాని మన పిల్లలు డల్లాస్‌లోనూ మెల్‌బోర్న్‌లోనూ కాపురాలుంటున్నారు. అక్కడ ఇది నేరం కాదు, సెలవురోజు కాలక్షేపం. చూడ్డానికి వెళ్ళిన అమ్మానాన్నలకి కారుషెడ్డులో ఓ మూల దుప్పటి కప్పుకుని బుడబుడమంటున్న తొట్టి కనబడితే, అదేమిటో తెలిసుండటం మంచిదే కదా. పైగా నేను చెప్పబోయేదాంట్లో బీరు సగమే. తెలియనివాడికి పని నేర్పే రచన ఎలా ఉండాలన్నది మిగతా సగం.

ఇతివృత్తం చిన్నది. పెట్టెలో 1.7 కిలోల డబ్బా ఉంటుంది. అందులో పాకంలా చిక్కగా, నల్లబెల్లం రంగులో మాల్టు సారం. హాప్ పువ్వుల చేదు ముందే కలిపేసి ఉంటుంది. దాన్ని వేడినీళ్ళలో కరిగించి, కిలో పంచదార కలిపి, చన్నీళ్ళు పోసి 23 లీటర్లు చెయ్యాలి. ఈ 23 ఎక్కణ్ణించి వచ్చిందంటే, ఇంగ్లీషువాళ్ళ 40 పైంట్లు లీటర్లలోకి మారిస్తే సుమారుగా అంతే వస్తుంది. చల్లారాక చిన్న పొట్లంలో ఉన్న ఈస్టు చల్లి, మూత పెట్టి, 20 డిగ్రీల అటూ ఇటూ వేడిలో వదిలేస్తే వారంలో పులుస్తుంది. పులిశాక సీసాలకెత్తి, సీసాకి కాస్తంత పంచదార వేసి మూత బిగిస్తే, మరో రెండు మూడు వారాల్లో నురగ పట్టిన బీరు. అంతే కథ.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. మొదటి పుట బాగుంటుంది. వాక్యాలు పొట్టివి. పాత్రలన్నీ శుభ్రంగా కడిగి క్రిమిసంహారక ద్రావణంతో తొలిచి తీరాలని మొదటే గట్టిగా చెబుతారు. అది వెయ్యి రూపాయల మాట. అనవసరమైన వర్ణన లేదు, అలంకారం లేదు. మన రచయితలు కొందరు ఈ పుట చదివి నేర్చుకోవలసింది ఉంది.

చిక్కంతా వెనక పుటలో ఉంది. అక్కడ ఒక వాక్యం వస్తుంది. మాటలు కంపెనీని బట్టి మారొచ్చుగాని భావం ఒక్కటే: బీరు తేటపడ్డాక సీసాలకెత్తండి. అంతటితో ఆ విషయం సరి. తేటపడటమంటే ఏమిటి? ఎంత తేట? చారు మీద తేటంతా, కొబ్బరినీళ్ళంతా? ఎన్నాళ్ళకి పడుతుంది? పడకపోతే ఏం చెయ్యాలి? కాగితం నోరు మెదపదు. మరుసటి వాక్యంలో సీసాలు కడుగుతూ ఉంటుంది.

మన కుర్రాణ్ణి ఒకణ్ణి ఊహించుకోండి. ఎనిమిదో రోజు పొద్దున్నే మూత తీసి చూస్తాడు. లోపల తేట లేదు సరికదా, వరదల్లో గోదావరి ఉన్నట్టుంది. కాగితం తీసి మళ్ళీ చదువుతాడు. వారం అని ఒకచోట ఉంది, తేటపడ్డాక అని ఒకచోట ఉంది. వారమయింది, తేట పడలేదు. రెండు ఆజ్ఞలు పోట్లాడుకుంటుంటే దేనికి తలవంచాలో చెప్పే మూడో వాక్యం కాగితంలో లేదు. ఆజ్ఞలతో రాసిన పుస్తకాలన్నిటికీ ఉన్న జబ్బే ఇది. అన్నీ అనుకున్నట్టు జరిగినంతసేపూ ఆజ్ఞ చాలు. జరగనప్పుడు కావలసింది కారణం. కారణం తెలిస్తే పాఠకుడు మూడో వాక్యం తనే రాసుకుంటాడు.

ఆ కారణం ఏమంత బ్రహ్మవిద్య కాదు. బీరు కలకగా ఉండటానికి ముఖ్యమైన నేరస్థుడు ఈస్టు. ఒక్కో ఈస్టు కణం మిల్లీమీటరులో నూరోవంతు కూడా ఉండదు. అంత చిన్నది ద్రవంలో దిగాలంటే గంటకి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. దిగే వేగానికి లెక్క 1851లోనే స్టోక్స్ అనే ఆయన కట్టాడు: రేణువు అడ్డుకొలత పదిరెట్లయితే వేగం నూరురెట్లవుతుంది. కాబట్టి కణాలు ఒంటరిగా ఉన్నంతకాలం తేలుతూనే ఉంటాయి. తిండి అయిపోయాక అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉండలు కడతాయి. అప్పుడు గబగబా అడుక్కి చేరతాయి. పులుస్తున్నంతసేపూ కిందనించి వాయువు బుడగలు లేస్తూ తొట్టిని కలియబెడుతుంటాయి గనక, ఆ పని పూర్తికాకుండా ఇది మొదలుకాదు. ఇంత చెబితే చాలు, ఎనిమిదో రోజు కలక చూసి కుర్రాడు కంగారుపడడు. "ఇంకా పనిలో ఉన్నాయి కాబోలు" అనుకుని మూత పెట్టేస్తాడు.

మన భాషలో దీనికి ఎంత మంచి మాటుందో చూడండి: తేరుకోవడం. నీళ్ళు తేరుకుంటాయి, జ్వరం పడ్డ మనిషీ తేరుకుంటాడు. రెంటికీ కావలసింది ఒక్కటే: కదపకుండా కొన్నాళ్ళు వదిలెయ్యడం. ఆ కారుషెడ్డులోకి వాళ్ళమ్మ వెళ్ళిందనుకోండి. ఆవిడ జన్మలో బీరు ముట్టి ఉండదు. అయినా, "ఒరే, మాటిమాటికీ మూత తీసి కదపకురా, దాన్ని కాస్త తేరుకోనీ" అంటుంది. చారు కాచిన చెయ్యి, తరవాణి కుండ చూసిన కన్ను అది. అందులో ఆజ్ఞా ఉంది, కారణమూ ఉంది. రెండు పుటల కాగితం చెప్పలేనిది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పేసింది.

కాగితం ఊరుకున్నచోట కొట్టువాడు ఊరుకోడు. కలక పోవడానికి పొట్లాలు అమ్ముతాడు. వాటి చరిత్ర మహా సరదాగా ఉంటుంది. అన్నిటికన్నా పాతపేరు ఐసింగ్లాస్. పేరు విని అద్దమేమో అనుకునేరు. అది చేప కడుపులోని గాలితిత్తి. ఎండబెట్టి, ఆమ్లంలో నానబెట్టి, జిగురుగా చేసి బీరులో కలుపుతారు. పూర్వం రష్యానించి స్టర్జన్ చేపల తిత్తులు దిగుమతి చేసుకునేవారు; ధర మండిపోయేది. 1795లో విలియం మర్డాక్ కాడ్ చేప తిత్తులు అదే పని చవగ్గా చేస్తాయని చూపించాడు. గ్యాసుదీపాలు వెలిగించిన మర్డాక్ ఈయనే. లండను బీరు తయారీదారుల సంఘం ఆయనకి 2000 పౌన్లు ముట్టజెప్పింది. ఇంతకాలం బీరు శాకాహారమని నమ్మి తాగిన మనవాళ్ళెందరో ఈ సంగతి విని గ్లాసు కింద పెట్టేశారు! గిన్నిస్ కంపెనీ ఈ చేపతిత్తిని మానేస్తున్నట్టు 2015లో ప్రకటించింది.

ఇవి పనిచేసే తీరు సులువు. బీరులో ఈస్టు కణాల ఒంటిమీద ఋణవిద్యుత్తు ఉంటుంది. చేపతిత్తి జిగురుకీ, జెలటిన్‌కీ ధనవిద్యుత్తు. రెండూ అతుక్కుని ఉండలై కూలబడతాయి. ఐరిష్ మాస్ అని ఒక సముద్రపు నాచు ఉంది. అది మాల్టు నీరు మరుగుతున్నప్పుడు, చివరి పావుగంటలో వెయ్యాలి, మాంసకృత్తుల్ని పట్టుకుంటుంది. మరి కిట్టులో మరగబెట్టడమే లేదు కదా! వేడినీళ్ళలో సారం కరిగించడంతో సరి. అంచేత ఆ నాచు పొట్లం కొనుక్కొచ్చి చల్లారిన తొట్టిలో చల్లితే, పూజలో అక్షతలు చల్లినట్టే ఉంటుంది తప్ప కలక పోదు. ఏ మందు ఏ కలకకో చెప్పకుండా మందుల పేర్లు చెబితే జరిగేది ఇదే.

పేరు చెప్పినంత మాత్రాన పని జరగదన్న సంగతి మనవాళ్ళకి కొత్త కాదు. బురదనీళ్ళు తేర్చడానికి మన పల్లెల్లో ఇండుపగింజ అరగదీసి కలిపేవారు, పటికముక్క తిప్పేవారు. ఆ ఇండుపగింజనే సంస్కృతంలో కతకమన్నారు. దాని పేరు జపిస్తే నీళ్ళు తేటపడవన్న పోలిక మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఉంది. అక్కడ అది ధర్మాన్ని గురించి చెప్పిన మాట. బీరు పొట్లాల కాగితానికి కూడా అక్షరాలా సరిపోతుంది.

ఎందుకంటే కలకలన్నీ ఒక జాతివి కావు. ఈస్టు కలక ఒకటి. అది కాలంతో పోతుంది. రెండోది చలికలక. తొట్టిలో తేటగా ఉన్న బీరే ఫ్రిజ్‌లోంచి తీసేసరికి పొగమంచు పట్టినట్టుంటుంది. బయట పెడితే మళ్ళీ తేట. బార్లీలోని మాంసకృత్తులూ, పొట్టులోనూ హాప్ పువ్వుల్లోనూ ఉండే వగరు పదార్థాలూ చలిలో చేతులు కలపడం దీనికి కారణం. రుచికి చెడుపు లేదు. మూడోది గంజికలక. గింజలు కూడా నానబెట్టే కొంచెం పెద్ద కిట్లలో పిండి పూర్తిగా చక్కెరగా మారకపోతే వస్తుంది. చుక్క అయొడిన్ వేస్తే నీలినలుపు రంగు తేలి గుట్టు బయటపడుతుంది. ఇది ఎన్నాళ్ళున్నా తేరుకోదు. నాలుగోది సూక్ష్మజీవులు చొరబడ్డ కలక. పులుపు వాసనో, పైన తెట్టో దాని ఆనవాలు. కడగడంలో లోపముంటే వచ్చేది ఇదే. అయిదోది కావాలని ఉంచుకున్న కలక. దాని సంగతి తరవాత. ఒక్క "తేటపడ్డాక" అన్న మాటతో ఈ అయిదింటినీ కట్టగట్టి పారేసింది మన కాగితం. రోగాలన్నిటికీ "ఒంట్లో బాగాలేదు" అని ఒకే పేరు పెట్టిన వైద్యుడి పద్ధతిది.

ఇంతదాకా చెప్పింది చిన్న తప్పులు. తేట తక్కువైతే కొంపలేం మునగవు. బీరు మబ్బుగా ఉంటుంది, తాగేవాడు తాగుతాడు. కాని ఆ వాక్యంలో దాగిన పెద్ద తప్పు ఒకటుంది. అది నవ్వి ఊరుకునేది కాదు. తేటపడటాన్నీ, పులియడం పూర్తవడాన్నీ ఆ వాక్యం ఒక్కటి చేసేసింది. తేట వచ్చిందా, సీసాలకెత్తెయ్! ఇదీ కుర్రాడికి అర్థమయ్యేది.

రెండూ ఒకటి కావు. చలిరాత్రి షెడ్డు చల్లబడితే, పంచదార ఇంకా మిగిలుండగానే ఈస్టు నిద్రపోయి అడుక్కి చేరుతుంది. పైన చూస్తే అద్దంలా తేట. కుర్రాడు మురిసిపోయి సీసాలకెత్తి, పంచదార వేసి మూతలు బిగించి, ఇంట్లో వెచ్చటిచోట పెడతాడు. కంటికి తేటగా కనిపించే బీరులో కూడా మిల్లీలీటరుకి వేల కణాలు మిగిలే ఉంటాయి. వెచ్చదనం తగలగానే అవి లేస్తాయి. మిగిలిన పంచదార, కొత్తగా వేసిన పంచదార – రెండూ కలిపి భోంచేస్తాయి. లీటరు బీరులో సుమారు 4 గ్రాముల పంచదార పులిస్తే ఆ బీరు ఎంత ఉందో అంత వాయువు పుడుతుంది. మామూలు సీసా బీరులో ఉండేది దానికి రెండున్నర రెట్లు. లీటరుకి మరో 10 గ్రాములు పులియనిది లోపల ఉండిపోయిందంటే వాయువు రెట్టింపవుతుంది. గాజుసీసా దానికి ఓర్చుకోలేదు. అర్ధరాత్రి అలమారలో పేలుతుంది. బాంబు అని వాళ్ళు సరదాగా పిలుస్తారుగాని, గాజుపెంకు కంటికి తగిలితే సరదా ఏముంది?

దీనికి మందు పెట్టెలోనే ఉంది. అదే హైడ్రోమీటరు. గాజుకడ్డీలా ఉంటుంది, పాలలో నీళ్ళు పట్టుకునే లాక్టోమీటరుకి చుట్టం. పంచదార ఎక్కువున్న ద్రవంలో పైకి తేలుతుంది, తగ్గినకొద్దీ మునుగుతుంది. మొదట్లో 1.040 దగ్గర చూపించింది చివరికి 1.010 దాపుకి దిగుతుంది. అంకె ఎంత అన్నదానికన్నా అది ఆగిందా అన్నది ముఖ్యం. రెండు మూడు రోజులు వరసగా ఒకే అంకె చూపిస్తేనే పని ముగిసినట్టు. పైన గొట్టంలో బుడగలు ఆగాయని నమ్మకూడదు. మూత వదులుగా ఉన్నా బుడగలు ఆగుతాయి. అంటే తీర్పు చెప్పవలసింది కన్ను కాదు, చెవి కాదు, అంకె. కాగితంలో హైడ్రోమీటరు ప్రస్తావన లేకపోలేదు. ఉంది. కాని "తేట" అన్న మాట పక్కన అది ఎంత మెల్లగా పలుకుతుందంటే, మొదటిసారి చదివేవాడు ఆ వస్తువుని అలంకారమనుకుంటాడు. ప్రాణంమీదకి తెచ్చే విషయాన్ని కంటికింపైన విషయం వెనకాల నిలబెట్టడం ఈ రచనలో నేను క్షమించలేని దోషం.

అసలీ తేట మీద మోజు ఎక్కణ్ణించి వచ్చింది? బీరు వయస్సు వేల ఏళ్ళు. తేట బీరు మోజు నిన్న మొన్నటిది. మట్టిముంతలోనూ తగరపు గ్లాసులోనూ తాగినన్నాళ్ళూ లోపల మబ్బుందో తేటుందో ఎవరు చూడొచ్చారు? 1842లో బొహీమియాలోని పిల్సెన్ ఊళ్ళో యోసెఫ్ గ్రోల్ బంగారు రంగులో మెరిసే తేట బీరు దించాడు. 1845లో ఇంగ్లండులో గాజు మీద పన్ను ఎత్తేశారు. గాజుగ్లాసు చవకయ్యాక కళ్ళు కూడా తాగడం మొదలెట్టాయి. తేటంటే నాణ్యం, మబ్బంటే మోసం అన్న నమ్మకం స్థిరపడింది.

ఆ నమ్మకానికి అపవాదాలు కొల్లలు. జర్మనీవాళ్ళ హెఫెవైజెన్ గోధుమ బీరు పేరులోనే ఈస్టు ఉంది. సీసా అడుగున మిగిలినదాన్ని తిప్పి గ్లాసులో పోసుకుంటారు. ఆస్ట్రేలియాలో అడిలైడ్ ఊరి కూపర్స్ సంగతి మరీ తమాషా. 1862లో థామస్ కూపర్ పెట్టిన ఆ కంపెనీ ఇంటికిట్లు అమ్మడంలో ప్రపంచ ప్రసిద్ధి చెందింది. వాళ్ళ సొంత బీరు ఒకదాని పేరు స్పార్క్‌లింగ్ ఏల్, అంటే తళతళలాడేది. చూడబోతే మబ్బుగా ఉంటుంది! అడుగునున్న ఈస్టు కలవాలని సీసాని దొర్లించి మరీ మూత తీస్తారక్కడ. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు ఆల్కెమిస్ట్ కంపెనీ హెడీ టాపర్ అనే మబ్బు బీరుని 2011లో డబ్బాల్లో పోసి అమ్మింది; గ్లాసు వద్దు, డబ్బాలోంచే తాగండని డబ్బామీదే అచ్చువేసింది. జనం ఎగబడ్డారు. 2018కల్లా అక్కడి బీరు తయారీదారుల సంఘం మబ్బు బీరుకి తమ పట్టికలో ప్రత్యేకంగా స్థానం ఇచ్చింది. ఇక మనదగ్గర తాటికల్లు సంగతి చెప్పాలా? కల్లు తేటగా ఉంటే, "నీళ్ళెన్ని పోశావురా?" అని అడిగేవాళ్ళే ఎక్కువ.

అంటే తేట అక్కర్లేదని కాదు. ఈస్టు ఎక్కువగా తేలే బీరుకి రొట్టెపిండి వాసన వస్తుంది, నాలుక మీద మొరటుగా తగులుతుంది, కొందరికి కడుపుబ్బరం చేస్తుంది. తేరుకున్నాక రుచి విడివిడిగా తెలుస్తుంది. తేట కోరుకోవడంలో తప్పులేదు. దాన్ని పరీక్షలో పాసుమార్కుగా పెట్టడమే తప్పు.

ఈ విద్యకి మంచి గ్రంథకర్తలు లేకపోలేదు. ఇంగ్లండులో 1880నించీ ఇంట్లో బీరు చెయ్యాలంటే లైసెన్సు కావాలి. 1963లో ఆర్థికమంత్రి మాడ్లింగ్ దాన్ని రద్దుచేశాడు. ఆ ఏడే సి. జె. జె. బెరీ గారి చిన్నపుస్తకం వచ్చింది. 1974లో డేవ్ లైన్ పెద్దపుస్తకం వచ్చింది. అమెరికాలో 1978 అక్టోబరు 14న ప్రెసిడెంటు కార్టర్ సంతకంతో కేంద్రచట్టం మారింది; రాష్ట్రాలు తమ తీరికలో ఒప్పుకుంటూ వచ్చాయి. ఆఖరి రెండూ, అలబామా, మిసిసిపీ, 2013లోగాని దారికి రాలేదు. అక్కడ ఈ విద్యకి గురుస్థానం ఛార్లీ పపేజియన్‌ది. 1984లో ఆయన పుస్తకం వెలువడింది. ఆయన వృత్తికి బడిపంతులు. కొలరాడోలోని బౌల్డర్ ఊళ్ళో సాయంత్రాలు ఈ విద్య మీద క్లాసులు చెప్పేవాడు. ఆ పుస్తకం చదివితే పంతులుగారి గొంతు వినిపిస్తుంది. కంగారు పడొద్దంటాడు, ఎందుకు పడనక్కర్లేదో కూడా చెబుతాడు. ఎదురుగా కూర్చున్న కుర్రాడి మొహంలో సందేహం చూసి చూసి రాసిన రచన అది. కిట్టు కాగితం రాసినవాడు పాఠకుడి మొహం చూసినట్టు లేదు. చూసింది పెట్టె మొహం. పెట్టె పైన, వారంలో బీరు అని పెద్దక్షరాల్లో ఉంటే, లోపలి కాగితం "ఆగవయ్యా" అని ఎలా అంటుంది పాపం!

కంపెనీ పక్షం వాదన కూడా వినాలి. "ఎక్కువ రాస్తే జనం బెదిరిపోతారు, అసలు చదవరు, కాగితంలో చోటు లేదు" అంటారు. చోటు లేదన్నది నిజం కాదు. వాళ్ళ ఇతర సరుకుల బొమ్మలకి బోలెడు చోటు దొరికింది. బెదరడం మాట కూడా అనుమానమే. మనిషి బెదిరేది మాటలెక్కువై కాదు, దిక్కు తోచక. నన్నడిగితే ఆ ఒక్క వాక్యం కొట్టేసి, ఎనిమిది వాక్యాలు పెడితే చాలు.

"వారం తరవాత బీరు మబ్బుగా ఉండటం సహజం, ఈస్టు ఇంకా తేలుతోందని అర్థం. హైడ్రోమీటరు మూడు రోజులు ఒకే అంకె చూపించేదాకా సీసాలకెత్తవద్దు, బీరు ఎంత తేటగా కనిపించినా సరే. తొందరపడితే సీసాలు పేలవచ్చు. అంకె ఆగాక మరో వారం కదపకుండా ఉంచితే చాలావరకు దానంతటదే తేరుకుంటుంది. వీలుంటే ఆఖరి రెండు మూడు రోజులు ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా. పొట్లాలు కొనకముందు కలక ఏ జాతిదో చూసుకోండి. సీసా అడుగున మిగిలే పలచటి మడ్డి తప్పు కాదు, సీసాలోనే నురగ పుట్టిందనడానికి గుర్తు. గ్లాసులోకి మెల్లగా వంచుకుని ఆఖరి అంగుళం వదిలేస్తే సరి."

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. ఈ విద్యలో చెయ్యి తిరిగినవాళ్ళందరికీ తెలిసిన సంగతులే. తెలిసినవాడికి ఇవి ఎంత మామూలైపోతాయంటే, చెప్పాలని కూడా తోచదు. తెలియనివాడి కోసం రాసే రచనలో కష్టమంతా అక్కడే ఉంది. మన వంటల పుస్తకాల్లో "తగినంత ఉప్పు", "పాకం వచ్చేదాకా" అని రాసేవాళ్ళదీ ఇదే కథ. పాకం వచ్చిందని తెలిసినవాడికి పుస్తకం అక్కర్లేదు. అక్కరున్నవాడికి ఆ మాట పనికిరాదు. తీగపాకమో ఉండపాకమో, వేళ్ళ మధ్య ఎలా సాగాలో ఒక్క ముక్క చెప్పిన పుస్తకమే ఇంట్లో పదేళ్ళు నిలుస్తుంది.

సమీక్ష అన్నాక చివర గుణదోషాలు లెక్కవెయ్యాలి. ముద్రణ శుభ్రంగా ఉంది. అచ్చుతప్పులు లేవు. శుభ్రత గురించి చెప్పిన భాగం ఉత్తమం. కథనం చివరికొచ్చేసరికి తొందర. పాఠకుడి మీద నమ్మకం తక్కువ. అతనికి కారణం చెబితే అర్థమవుతుందన్న ఆశే రచయితకి లేదు. వెల పెట్టెలోనే కలిసి ఉంది గనక దాన్ని గురించి పేచీ లేదు.

ఐనా కాగితాన్ని పారెయ్యకండి. చాలా కాగితాల్లో చివర కాస్త తెల్లగా వదిలేసి ఉంటుంది. ఏ తేదీన ఈస్టు చల్లారో, ఏ రోజు అంకె ఎంతుందో, ఎప్పటికి మబ్బు విడిందో అక్కడ పెన్సిలుతో రాసుకుంటూ పోతే, మూడు తొట్లు దించేసరికి ఆ మూల నిండుతుంది. మొత్తం రచనలో నాలుగోసారి చదవదగ్గ భాగం అదే అవుతుంది.